పైవాటా మీటరు

జూన్ 6

చెల్లీ,

ఫోన్‌లో అయితే మనిద్దరం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి అలిగి, ఒకేసారి పెట్టేస్తాం కాబట్టి ఇకనుంచి ఫోన్లు పూర్తిగా మానేసి ఉత్తరాలతోనే సరిపెట్టుకుందామన్నావు. సరే, నీ మాటే కానీ. కాగితం మీదైతే నువ్వు నా మాటకు అడ్డం రాలేవు. అదొక్కటే నాకు నచ్చింది.

మేం బాగానే ఉన్నాం. మీ బావకు బస్సు డిపోలో పని పెరిగింది. ఇంటికొచ్చేసరికి చేతులనిండా గ్రీజు, నోటినిండా సణుగుడు. నాకు మాత్రం మంచి కబురు. పక్కవీధి బడివాళ్ళు ఈసారి యూనిఫారాలన్నీ నాకే ఇచ్చారు. చొక్కాలు, నిక్కర్లు, గౌన్లు కుప్పలు పడి ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. కుట్టడం ఒక ఎత్తు, ఇస్త్రీ ఒక ఎత్తు. మడత కాస్త వంకరపోయినా ఆ బడి పెద్ద టీచరు మొహాన కొట్టినట్టు వెనక్కి పంపేస్తుంది. అందుకని పొద్దున వేడెక్కిన ఇస్త్రీపెట్టె పొద్దుపోయేదాకా చల్లారడం లేదు.

ఇక అసలు సంగతికొస్తాను. నువ్వు పోయినేడు బదిలీ మీద ఆ ఊరు వెళ్తూ, నీ పైవాటాను నీతోపాటు కళ్ళ ఆస్పత్రిలో పనిచేసే నీ స్నేహితురాలికి అప్పగించి పోయావు. కళ్ళు చూసి అద్దాల నంబరు రాసిచ్చే పిల్ల కాబట్టి అందరం 'అద్దాలు' అనే పిలుస్తున్నాం. మంచి పిల్లే అనుకున్నాను మొదట్లో.

మనింటి లెక్క నీకు తెలుసు. ఇల్లంతటికీ వచ్చే కరెంటు బిల్లు ఒకటే. మెట్ల కింద ఉన్న చిన్న మీటరు చూపించినంత పైవాటాది, మిగిలినదంతా మాది. అయితే ఇల్లు మొత్తం వాడకం ఒక హద్దు దాటితే ప్రతి యూనిట్‌కీ రేటు పెరుగుతుంది. ఈ నెల దాటింది. ఎవరివల్ల అనుకున్నావు? నేను రాత్రింబగళ్ళు ఇస్త్రీ చేసినా మా వాడకం ఇసుమంత కూడా పెరగలేదు. అంత పొదుపుగా ఉన్నాం మేం. చిన్న మీటరు చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఒంటరి మనిషి, పొద్దున పోతే సాయంత్రం గాని రాదు, ఆ పైన ఏం కాలుస్తోందో నాకు అర్థం కావడం లేదు. ఆమె దుబారాకు నేనెందుకు ఎక్కువ రేటు కట్టాలి?

రాత్రి భోజనాలవేళ పైనుంచి నవ్వులు వినిపిస్తుంటాయి. నీతోనే మాట్లాడుతోందని నాకు తెలుసు, ఆ నవ్వు ఇంకెవరితోనూ రాదు. ఆమెకు రోజూ ఫోను, నాకు పక్షానికో ఉత్తరం. బాగుంది పంపకం.

నువ్వు మర్చిపోయావేమోనని గుర్తుచేస్తున్న
నీ సొంత అక్క

జూన్ 12

అక్కా,

నీకు మిషన్ దగ్గర తీరిక ఉండదని ఎప్పటిలా ఈ ఉత్తరం బావే నీకు చదివి వినిపిస్తాడు కాబట్టి ముందు ఆయనకొక మాట. బావా, గొంతు సవరించుకో. పోయినసారి నేను నిన్ను ఆటపట్టించిన ముక్కలన్నీ మింగేసి చదివావట. ఈసారి ఒక్క అక్షరం వదిలినా ఊరుకోను.

యూనిఫారాల సంగతి విని ఎగిరి గంతేశాను. మా కౌంటర్లో అందరికీ చెప్పాను, మా అక్క ఒక బడినంతా తొడుగుతోందని. ఇక్కడ నాకు ఇచ్చిన వాటా రెండు గదులు. రెండో గదిలో నా గొడుగు తప్ప ఏమీ లేదు. గోడకు ఆనుకుని కూర్చుంటే పక్కింటివాళ్ళ టీవీ వినిపిస్తుంది. వాళ్ళు ఏ ఛానెల్ పెడితే అదే నాకూ.

కరెంటు గురించి నువ్వంత ఒంటికాలి మీద లేవకు. అద్దాలు దుబారా మనిషి కాదు, నాకు తెలుసు. రేటు పెరిగినందుకు నీకు ఎంత ఎక్కువ పడిందో చెప్పు, అది నేను పంపిస్తాను. ఆ పిల్లను ఏమీ అడగొద్దు, అంతే.

ఇంకోటి. సాయంత్రాలు ఆమె కిందికొచ్చి నీ మిషన్ పక్కన కూర్చుని చొక్కాలకు బొత్తాలు కుట్టిపెడుతోందట కదా. ఆ కిటికీ పక్క ముక్కాలిపీట మీదేనా? నేను అక్కడున్న ఇన్నేళ్ళలో ఒక్క బొత్తాం ముట్టుకోనివ్వలేదు నువ్వు. దారం ముడి సరిగా వెయ్యనని చేతిలోంచి లాక్కునేదానివి. ఆమె ముడి నా ముడికంటే అంత బాగుంటుందా?

ఏదోలే. మాటవరసకి రాశాను.

ఉంటాను,
నీ చెల్లి

జూన్ 19

చెల్లీ,

మీ బావ చక్కగా చదివాడు, నువ్వేం కంగారుపడకు.

ఆమె కాల్చిన కరెంటుకి నువ్వు డబ్బు పంపుతావా? ఆ ముక్క దగ్గర నా చేతిలో కత్తెర కిందపడింది. నాకు జ్వరమొచ్చి వారం మంచం పట్టినప్పుడు 'సెలవు దొరకలేదక్కా' అని రాసి ఊరుకున్నావు. ఆమె మీటరు నాలుగు అంకెలు ముందుకు దూకితే మాత్రం నీ చెయ్యి జేబులోకి పోతోంది. నాకు నీ డబ్బు వద్దు. నాకు న్యాయం కావాలి.

అడగొద్దన్నావుగా, అడిగాను. మెట్ల మీద పట్టుకుని, "ఏమ్మా, ఇంత కరెంటు ఎట్లా కాలుతోంది నీకు?" అన్నాను. ఉలిక్కిపడింది. "వచ్చే నెల తగ్గిస్తానక్కా" అంది. అంటే కాలుస్తున్నట్టు ఒప్పుకున్నట్టే కదా! పైగా ఆ 'అక్కా' ఏమిటి? నన్ను అక్కా అనడానికి ఈ లోకంలో ఒక్క మనిషి ఉంది. ఆ మనిషి పక్షానికోసారి కాగితం మీద అంటుంది.

అప్పటినుంచి కొత్త నాటకం మొదలైంది. పైన దీపం వెయ్యదు. కూలరు గుడ్డ కప్పి మూల పెట్టింది. చీకట్లో వరండా మెట్టు మీద కూర్చుని నీతో గుసగుసలాడుతుంది. నేను బయటికొస్తే మాట ఆపేస్తుంది. చూసేవాళ్ళకి నేనేదో రాక్షసిని, ఆమె నోట్లో నాలుక లేని అమాయకురాలు. ఇంత చేసినా చిన్న మీటరు మాత్రం తగ్గలేదు. దీపం లేదు, కూలరు లేదు, మరి ఏం తిరుగుతోంది అక్కడ? నువ్వే చెప్పు.

బొత్తాల సంగతి అడిగావు. ఆమె ముడి బాగానే ఉంటుంది. నీది ఎప్పుడూ వదులే.

ఇకమీదట ఆ పీట మీద ఎవరినీ కూర్చోనివ్వను. దాని మీద చొక్కాలు పెట్టుకుంటున్నాను.

కోపంతోనే,
అక్క

జూన్ 26

అక్కా,

జ్వరం మాట అన్నావు చూడు, అది నిజంగానే గుచ్చుకుంది. ఆ వారం నేను సెలవు అడిగాను. ఇవ్వలేదు. నువ్వు ఎలా ఉన్నావో అద్దాలు చేత పూటపూటా కనుక్కున్నాను. నీ నుదుటి మీద తడిగుడ్డ వేసింది ఆమే. నేను వెయ్యాల్సిన గుడ్డ ఆమె వేసిందని ఆ రోజు ఆమె మీద కృతజ్ఞత కంటే కుళ్ళే ఎక్కువ కలిగింది నాకు. ఇప్పుడు నువ్వే ఆ మాట ఎత్తి నన్ను దులిపేస్తే ఏం చెప్పను?

బిల్లు గురించి ఒక దారి చెబుతాను. ఆ చిన్న మీటరు సంగతి వదిలేయండి. ఎంతొస్తే అంత చెరిసగం వేసుకోండి. ఎవరికీ గొడవ ఉండదు. దయచేసి ఇది ఒప్పుకో. ఎందుకు అని మాత్రం అడగొద్దు. నేను సెలవుకి వచ్చినప్పుడు నీతో ఒక్కదానితో, బావ లేనప్పుడు కూర్చుని చెప్తాను. బావా, నువ్వు ఈ ముక్క చదివి మొహం మాడ్చుకోకు. ఆడవాళ్ళ మాటలు కొన్ని ఉంటాయి.

మరో సంగతి. ఆమెకు నువ్వు రెండు జేబుల గౌను కుట్టిచ్చావని ఆమే మురిసిపోతూ చెప్పింది. మంచిదే. నేను ఎన్నిసార్లు అడిగాను అక్కా, జేబు పెట్టమని? "జేబు పెడితే గుడ్డ వేలాడుతుంది, ఆకారం పోతుంది" అనేదానివి. ఆమె ఒంటిమీద వేలాడదా?

నీ చెల్లి

జూలై 3

చెల్లీ,

చెరిసగమా? ఈ నెల చిన్న మీటరు ఇంటి బిల్లులో సగం కంటే ఎక్కువే మింగింది. చెరిసగమంటే ఆమెకు లాభం, నాకు బొప్పి. నువ్వు నా పక్షాన మాట్లాడకపోయినా ఊరుకునేదాన్ని. నన్ను ముంచి ఆమెను తేల్చే లెక్క నా సొంత చెల్లెలే రాసి పంపింది చూడు, అది మాత్రం సహించలేను.

పైగా మీ బావ లేనప్పుడు, నాకొక్కదానికే చెప్పే సంగతి ఏదో ఉందా? నాకు ఇంకా చెప్పని సంగతి ఆమెకు అప్పుడే తెలుసన్నమాట. తెలుసని నాకు ఎలా తెలిసిందంటావేమో. నిలదీశాను. "మా చెల్లి నీకేం చెప్పింది?" అన్నాను. "మీ చెల్లెల్నే అడగండక్కా, నేను మాటిచ్చాను" అంది. నా చెల్లెలికి ఆమె మాటిచ్చిందట! నా ఎదురుగా నిలబడి!

దొంగతనం కూడా పట్టుకున్నాను. విను. మొన్న ముందుగదిలో చొక్కాలు ఇస్త్రీ చేస్తూ చేస్తూ, ఉన్నపళంగా ఇస్త్రీపెట్టె కట్టేసి, చప్పుడు చెయ్యకుండా మెట్ల కిందికి పోయి చూశాను. చిన్న మీటరులో చక్రం కదలకుండా నిలబడి ఉంది. కాసేపు కాపలా కాశాను. కదల్లేదు. సరే అని వచ్చి మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టాను. ఒక గుట్ట చొక్కాలు అయ్యాక వెళ్ళి చూస్తే అంకెలు ముందుకి జరిగి ఉన్నాయి. మళ్ళీ అలాగే చేశాను, మళ్ళీ అదే. నేను కాపలా ఉన్నంతసేపు ఆపేస్తుంది, నేను పనిలో పడగానే వేస్తుంది. పైనుంచి నన్ను కనిపెట్టి చూస్తోందన్నమాట! ఎంత తెలివి! మీ బావకు చెబితే తల గోక్కుని "ఆ అమ్మాయి డ్యూటీకి పోయింది కదే" అన్నాడు. ఆయనకు ఎప్పుడూ ఏమీ అర్థం కాదు. ఏదో తనంతట తాను ఆగి తిరిగే యంత్రం పెట్టిపోయి ఉంటుంది.

తాడోపేడో తేల్చేశాను. ఇంటాయన దగ్గరికి వెళ్ళి ఆమె ఉంటే మేం ఉండమని చెప్పాను. ఇన్నేళ్ళుగా అద్దె ఒక్కరోజు ఆలస్యం చెయ్యనివాళ్ళం. ఆయన ఎవరి మాట వింటాడో నీకు తెలుసు. వచ్చే ఆదివారానికి ఖాళీ చెయ్యమని ఆమెకు చెప్పేశాడు.

ఇప్పుడు చెప్పు, నీకు నేను ఎక్కువా, ఆమె ఎక్కువా?

అక్క

జూలై 8

అక్కా,

ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాను. నువ్వు ఎత్తడం లేదు. ఉత్తరం అందగానే ఇంటాయన దగ్గరికి పోయి నీ మాట వెనక్కి తీసుకో. ఆమె వాళ్ళింట్లోవాళ్ళతో తెగతెంపులు చేసుకుని వచ్చిన మనిషి. ఇంకో గది చూసుకోవాలంటే ఒంటరి ఆడపిల్లకు ఎవరిస్తారు?

బావ చదువుతున్నాడని తెలిసే రాస్తున్నాను. ఆ చిన్న మీటరులో తిరిగేదంతా ఆమెది కాదు. ఇంతకంటే ఇప్పుడు చెప్పలేను. నన్ను నమ్ము.

నువ్వు ఎక్కువా, ఆమె ఎక్కువా అని అడిగావు. నాకు అక్కవి నువ్వు. అది కూడా అడుగుతారా ఎవరైనా?

చెల్లి

జూలై 15

చెల్లీ,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆమె ఆదివారం వెళ్ళిపోయింది.

ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట, ఆ కూలరు. ఆటో వచ్చాక తాళంచెవి నా మిషన్ మీద పెట్టి, "పైన మెయిన్ కట్టేశానక్కా" అంది. నేను తల ఎత్తలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటించాను. ఆటో సందు చివర మలుపు తిరిగేదాకా అలాగే నటించాను.

తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుని ఇస్త్రీ మొదలుపెడదామని చూస్తే పెట్టె చల్లగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది, మిషన్ మోటారు తిరుగుతోంది, ఇది మాత్రం వేడెక్కడం లేదు. మర్నాటికి ఇవ్వాల్సిన గౌన్లు గుట్టగా ఉన్నాయి. "పెట్టె పోయింది" అన్నాడు మీ బావ. పడగ్గదిలో పెట్టి చూశాం, భేషుగ్గా వేడెక్కింది. అంటే పోయింది పెట్టె కాదు, ఇస్త్రీబల్ల దగ్గరి ప్లగ్గు. మీ బావ దానికేసి చాలాసేపు చూసి, ఎన్నడూ లేనంత మెల్లిగా, "ఒకసారి పైకెళ్ళి ఆ మెయిన్ వెయ్యి" అన్నాడు.

వెళ్ళాను. నీ గది బోసిగా ఉంది. ఊడ్చి, కడిగి, కిటికీ రెక్కలు మూసి పెట్టి పోయింది. స్విచ్ పైకి తోశాను. కిందనుంచి మీ బావ గట్టిగా "వచ్చింది!" అని అరిచాడు. కిందికి లాగాను. "పోయింది!" మళ్ళీ వేశాను. "వచ్చింది!" ఎన్నిసార్లు వేసి తీశానో నాకే తెలియదు. చివరికి ఆయన అరవడం మానేసి మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు. "చాల్లేవే" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను ఇంట్లో కుట్టుపని మొదలుపెట్టిన కొత్తల్లో మీ బావ ఆ ఇస్త్రీపెట్టె మీద రోజూ పేచీ పెట్టేవాడు. సంపాదించేది దారాలకి, తగలేసేది కరెంటుకి అనేవాడు. ఒకరోజు నేను బజారుకి పోయి వచ్చేసరికి ఎవరో వచ్చి ఆ ప్లగ్గు మార్చి వెళ్ళాడు. కాలిపోయింది, నేనే పిలిపించానన్నావు నువ్వు. ఆ తర్వాతి నెల మా బిల్లు తగ్గింది. మీ బావ సణుగుడు ఆగింది. చూశావా, ఎంత పొదుపుగా వాడుతున్నానో అని నేను ఆయన ముందు తల ఎగరేసి తిరిగాను.

ఇన్నేళ్ళూ నీ మీటరు మీద ఇస్త్రీ చేశాను. నువ్వెళ్ళాక ఆ పిల్ల మీటరు మీద చేశాను. చేస్తూనే ఆమెను దొంగ అన్నాను.

నాకు సిగ్గుగా ఉంది. కానీ సిగ్గు కంటే కోపం ఎక్కువగా ఉంది, దాచను. నాకు సాయం చేస్తే చేశావు, అది నాతో చెప్పకుండా ఆమెతో ఎందుకు చెప్పావు? నా ఇంట్లో నా సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. ఆమె నా పక్కన కూర్చుని బొత్తాలు కుడుతూ, పక్కనే పొగలు కక్కుతున్న పెట్టెను చూస్తూ, మనసులో ఏమనుకుని ఉంటుంది?

బావ చదువుతాడని చెప్పలేదన్నావు. ఆయన చదివి ఆరు నెలలైంది. నాకు దగ్గరి చూపు తగ్గిందని ఆమే కనిపెట్టి, వాళ్ళ ఆస్పత్రికి తీసుకెళ్ళి కళ్ళజోడు ఇప్పించింది. అప్పటినుంచి నీ ఉత్తరాలు నేనే చదువుకుంటున్నాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను, చెబితే పని తగ్గించమని పోరుపెడతావని.

ఆమె అది నీకు చెప్పలేదు, ఇది నాకు చెప్పలేదు.

ఎక్కడికి పోయిందో కూడా అడగలేదు నేను. నీకు తెలిసే ఉంటుంది. నీకు తెలియకుండా ఉండదు.

అక్క

జూలై 22

అక్కా,

తెలుసు. నా దగ్గరే ఉంది. ఇక్కడి ఆస్పత్రిలో ఖాళీ ఉందని నేనే పెద్దలతో మాట్లాడి బదిలీ చేయించాను. నా గొడుగున్న గది ఆమెకిచ్చాను. ఇది నీకు రాయడానికి భయపడి ఇన్నాళ్ళు ఆగాను.

ప్లగ్గు సంగతి నువ్వనుకున్నట్టే జరిగింది. బావ సణుగుతుంటే నువ్వు కంట్లో నీళ్ళు తిప్పుకుని ఇస్త్రీ చెయ్యడం నేను చూడలేకపోయాను. నీకు చెబితే ఒప్పుకోవు. 'నా పని నా కాళ్ళ మీద నడవాలి' అనేదానివి. నడుస్తోందని నువ్వు తల ఎగరేస్తుంటే నాకెంత బాగుండేదో తెలుసా? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ తీగ పీకించి రావాల్సింది. పీకిస్తే నీకు తెలిసిపోతుంది. అందుకని ఆమెకు చెప్పి, ఇస్త్రీకి అయ్యేంత నెలనెలా పంపేదాన్ని. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నువ్వు నిలదీసిన రోజు ఫోన్‌లో ఏడ్చింది. "చెప్పెయ్యనా?" అని అడిగింది. వద్దన్నది నేనే.

మరి నా బాధ కూడా విను. సాయంత్రం ఇద్దరం వంట చేసుకుంటుంటే ఆమె నీ కబుర్లు చెబుతుంది. నువ్వు ఈమధ్య మిషన్ మీద కుడుతూ పాటలు తప్పుగా పాడుతున్నావట. దారం తెగితే దాన్ని పేరు పెట్టి తిడతావట. నీ కుడి మోకాలు పట్టేస్తోందట, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కుతున్నావట. వీటిలో ఒక్కటీ నాకు తెలియదు. నీ కళ్ళజోడు ఫ్రేము ఏ రంగో కూడా ఆమెకే తెలుసు. నా అక్క గురించి నేను వేరే మనిషి నోట వింటూ కూర కలుపుతుంటాను. ఒక్కోరోజు గరిటె విసిరికొట్టాలనిపిస్తుంది. నువ్వు ఆమె నా పక్షాన ఉందనుకున్నావు, నేను ఆమె నీ పక్షాన ఉందనుకున్నాను.

ఇక్కడ కరెంటు చెరిసగం వేసుకుంటున్నాం. గొడవ లేదు.

మోకాలికి ఏదైనా రాస్తున్నావా?

చెల్లి

జూలై 29

చెల్లీ,

మోకాలు బాగానే ఉంది. పాటలు తప్పుగా పాడను, ఆమెకు పాటలు రావు.

మీ బావ తనే సెలవు పెట్టి ఆ ప్లగ్గు తీగ మా బోర్డులోకి మార్చాడు. మార్చి, "ఇంకెప్పుడూ అనన్లే" అని గొణిగాడు. యూనిఫారాల ఇస్త్రీ అయిపోయింది. ఈ నెల బిల్లు చూసి నమ్మలేక ఇద్దరం చెరోసారి లెక్క చూసుకున్నాం. అయినా కట్టాం. నా కాళ్ళ మీద నడవడమంటే ఎంతవుతుందో ఇప్పుడు తెలిసింది.

ఇక రాయాల్సిన మాట రాస్తాను. నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర లేదు. ఆమెను నేనే ఈ ఇంట్లోంచి గెంటాను, గెంటి తిన్నగా నీ పక్కగదిలో పెట్టాను. పొద్దున మీరిద్దరూ కలిసి ఆస్పత్రికి పోతారు. సాయంత్రం కలిసి వండుకుంటారు. ఇక ఫోను కూడా అక్కర్లేదు. ఆమె ఇక్కడున్నప్పుడు కనీసం ఆ నవ్వులైనా నా నెత్తిమీదినుంచి వినిపించేవి. నువ్వు ఏదో మాటకి నవ్విస్తున్నావని తెలిసేది. ఇప్పుడు అదీ లేదు.

పైవాటా ఇంకా ఖాళీగానే ఉంది. ఇద్దరు వచ్చి చూశారు. గోడలకు చెమ్మ పడుతుందని చెప్పి నేనే పంపేశాను. ఇంటాయనతో మాట్లాడాను, నాదే తప్పు అని చెప్పాను. ఆయన నవ్వాడు, నవ్వనీ. ఆమెను వెనక్కి పంపు. చిన్న మీటరు చూపించినంతే ఆమెది, అదీ మొదటి మూడు నెలలు మేమే కడతాం. ముక్కాలిపీట మీద చొక్కాలు తీసేశాను.

క్షమాపణ చెప్పుకోవాలని కూడా ఉంది. కానీ నీతో అబద్ధం ఎందుకు? ముందు ఆమె నీ దగ్గర ఉండకూడదని ఉంది. ఆ తర్వాతే మిగతావి.

ఎప్పుడు పంపుతావో రాయి,
అక్క

ఆగస్టు 5

అక్కా,

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. మధ్యమధ్యలో నవ్వుతూ చదివాను, ఆమె కూడా నవ్వుతుందనుకున్నాను. చదవడం అయ్యాక "నేను పంపనుగా!" అన్నాను. నిజంగానే పంపదలచుకోలేదు. నీకిచ్చేస్తే మళ్ళీ నీ సంగతులన్నీ ఆమెకే తెలుస్తాయి, నేను ఇక్కడ పక్కింటి టీవీ వింటూ కూర్చోవాలి. కావాలంటే మా అక్కే వచ్చి తీసుకెళ్ళాలి అని కూడా అన్నాను.

ఆమె నవ్వలేదు. కంచాలు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "మీ అక్క నన్ను గెంటింది నీకోసం. ఇప్పుడు రమ్మంటోందీ నీకోసమే. నువ్వు నన్ను ఇక్కడ పెట్టుకుంది రోజూ మీ అక్క కబుర్లు వినడానికి. నీ మాట నేను దాచాను, ఆమె మాట నేను దాచాను. తిట్లు నేను తిన్నాను. ఎక్కడుంటావని నన్ను ఒక్కళ్ళైనా అడిగారా?" అంది. కోపంగా కూడా అనలేదు. కళ్ళ పరీక్షలో పై వరస అక్షరాలు చదివినట్టు తాపీగా అంది.

నేను అడగలేదక్కా. నువ్వూ అడగలేదు.

రెండు రోజుల్లో గది వెతుక్కుంది. నిన్న వెళ్ళిపోయింది. చాలా చిన్న గదట, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుందట. కానీ దానికి విడిగా మీటరు ఉందట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం మొహం వెలిగింది. పెట్టె సర్దడానికి నేను సాయం పట్టబోతే వద్దంది. ఆస్పత్రిలో పలకరిస్తే పలుకుతుంది, అంతకుమించి ఒక్క మాట లేదు. ఆమె గదిలో మళ్ళీ నా గొడుగు పెట్టాను. రాత్రి ఒక్కదాన్నే వండుకుంటూ నీ గురించి చెప్పేవాళ్ళు లేక ఏడ్చాను. నువ్వు కూడా పైకి చూసి ఏడ్చే ఉంటావు, దాచకు.

ఎక్కడుంటున్నావో చెప్పమని బతిమాలాను. "కుదురుకున్నాక రాస్తాలే" అంది. ఎవరికి రాస్తుందో చెప్పలేదు. నీకే ముందు రాస్తే వెంటనే నాకు తెలియజెయ్యి. నాకే ముందు రాస్తే నేను నీకు చెప్తానో లేదో మాత్రం ఇప్పుడే మాటివ్వలేను.

నీ చెల్లి